చివరి మాటలు, చివరి చోటు: క్రైస్తవ రచయితల మరణ వృత్తాంతాలపై ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

భూస్థాపన ఆరాధనలోనూ, జ్ఞాపకార్థ కూడికలోనూ ప్రసంగించే సేవకులు గొప్ప భక్తుల చివరి మాటలను తరచుగా ఉదహరిస్తారు. లూథర్ చనిపోతూ ఈ మాట అన్నాడని, వెస్లీ ఆ మాట అన్నాడని, వోల్టేర్ భయంతో కేకలు వేశాడని చెబుతాం. సంఘం శ్రద్ధగా వింటుంది. ఆ మాటలను ఎవరు విన్నారు, ఎవరు వ్రాసి ఉంచారు, ఎంత కాలానికి అచ్చులోకి వచ్చాయి అనే ప్రశ్నలు మాత్రం మనం సాధారణంగా వేసుకోము. ఉదాహరణ పుస్తకంలో దొరికితే చాలు, ప్రసంగంలోకి వచ్చేస్తుంది.

ఇది చరిత్ర విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయం అనుకోకూడదు. చావు జరిగిన ఇంటికి వెళ్లిన ప్రతి సేవకునికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది: "అయ్యగారూ, మా నాన్న చివరి క్షణంలో ప్రభువు నామం పలికే ఉంటాడంటారా?" పక్షవాతంతో మాట పడిపోయినవారు, ఆసుపత్రిలో గొట్టాల మధ్య స్పృహ లేకుండా వెళ్లిపోయినవారు, రోడ్డు ప్రమాదంలో క్షణంలో మరణించినవారు ఏ మాటా పలకలేదు. గొప్పవారి చివరి మాటలను విశ్వాసానికి రుజువులుగా మనం పదే పదే చూపిస్తూ ఉంటే, మాట లేకుండా పోయినవారి కుటుంబాలకు తెలియకుండానే ఒక భారం మోపినవారమవుతాము. అందుచేత ఈ విషయాన్ని జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంది.

ఈ వ్యాసంలో ప్రసిద్ధులైన కొందరు క్రైస్తవ రచయితల, అనువాదకుల చివరి మాటలను, సమాధి స్థలాలను పరిశీలిద్దాం. ప్రతి వృత్తాంతానికీ మూడు ప్రశ్నలు వేద్దాం. మొదటిది, ఆ మాటను స్వయంగా విన్న సాక్షి ఎవరు? రెండవది, అది ఎప్పుడు వ్రాయబడింది? మూడవది, ఆ మాట ఆ విధంగా ప్రచారం కావడం వలన ఎవరికి మేలు? ఈ మూడింటికీ జవాబు వెదికిన తరువాతనే దానిని ప్రసంగ పీఠం మీదికి తీసుకురావడం న్యాయం.

లేఖనాలలో చివరి మాటలు, సమాధులు

బైబిలు ఈ విషయంలో మనకు కొంత దారి చూపిస్తుంది. 2 సమూయేలు 23వ అధ్యాయం దావీదు కడవరి మాటలుగా ఒక కవితను ఇస్తుంది. 1 రాజులు 2వ అధ్యాయం ఆయన మరణానికి ముందు సొలొమోనుకు ఇచ్చిన ఆజ్ఞలను, యోవాబు, షిమీల విషయంలో కఠినమైన మాటలతో సహా వ్రాస్తుంది. రెండూ చివరి మాటలే. ఒకటి రాజు ఆరాధనను, మరొకటి రాజ్య వ్యవహారాన్ని భద్రపరచాయి.

మన ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలను మంచి శుక్రవారం నాడు వరుసగా ధ్యానిస్తాం. అయితే ఏ ఒక్క సువార్తలోనూ ఆ ఏడూ లేవు. మత్తయి, మార్కులలో ఒకే మాట ఉంది. లూకాలో మూడు, యోహానులో వేరే మూడు ఉన్నాయి. సాక్షులు తాము విన్నదానిని, తమకు అప్పగింపబడినదానిని వ్రాశారు.

సమాధుల విషయంలో కూడా లేఖనం ఒకే పద్ధతి పాటించలేదు. ఆది, నిర్గమ కాండములలో, యెహోషువ గ్రంథంలో యోసేపు ఎముకల ప్రయాణం కనిపిస్తుంది. మోషే సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదని ద్వితీయోపదేశకాండము 34:6 చెబుతుంది. ధర్మశాస్త్రం ఎవరి పేరుతో నిలిచిందో ఆయనకే గుర్తు తెలిసిన సమాధి లేదు.

బీడ్: శిష్యుడు వ్రాసిన ఉత్తరం

ఇంగ్లండు సంఘ చరిత్రకారుడైన బీడ్ క్రీ.శ. 735లో జారో మఠంలో మరణించాడు. ఆయన చివరి దినాల గురించి మనకు తెలిసినదంతా కుత్‌బర్ట్ అనే శిష్యుడు ఒక సహచరునికి వ్రాసిన ఉత్తరం వలననే. కుత్‌బర్ట్ ఆ రోజుల్లో గురువుగారి దగ్గరే ఉన్నాడు. కనుక మొదటి ప్రశ్నకు జవాబు బలంగా ఉంది.

ఆ ఉత్తరం ప్రకారం బీడ్ ఊపిరి కష్టంగా తీసుకుంటూనే యోహాను సువార్తను తన ప్రజల భాషలోకి అనువదిస్తూ, చెప్పి వ్రాయించాడు. తన పెట్టెలో ఉన్న మిరియాలు, చేతి వస్త్రాలు, ధూపద్రవ్యం తెప్పించి మఠంలోని యాజకులకు పంచిపెట్టాడు. ఇంకా ఒక వాక్యం మిగిలి ఉందని వ్రాసే అబ్బాయి చెప్పగా, దానిని కూడా చెప్పి పూర్తి చేయించాడు. తరువాత నేల మీద కూర్చుని త్రియేక దేవునికి స్తుతి పాడుతూ ప్రాణం విడిచాడు.

మిరియాల వంటి చిన్న వివరాన్ని గమనించండి. భక్తుని గొప్పతనాన్ని పెంచడానికి కథ అల్లేవారు సాధారణంగా అద్భుతాలను చేరుస్తారు. పెట్టెలో ఏముందో చెప్పరు. ఇటువంటి వివరం ప్రత్యక్ష సాక్షి చేతివ్రాతకు గుర్తు. బీడ్ అనువదించిన ఆ యోహాను సువార్త మాత్రం మనకు దక్కలేదు. ఆయన ఎముకలను 11వ శతాబ్దంలో డర్హమ్‌కు తరలించారు. నేడు డర్హమ్ కెథీడ్రల్‌లోని గలిలయ చాపెల్‌లో ఆయన సమాధి ఉంది.

టిండేల్: ఒక ప్రార్థన, ఒక ఉత్తరం

విలియం టిండేల్ క్రొత్త నిబంధనను గ్రీకు నుండి ఇంగ్లీషులోకి అనువదించి 1526లో అచ్చు వేయించాడు. 1535లో ఆంట్‌వెర్ప్‌లో నమ్మకద్రోహం వలన పట్టుబడి, బ్రస్సెల్స్ దగ్గరున్న విల్‌వోర్డ్ కోటలో ఖైదు చేయబడ్డాడు. 1536 అక్టోబరులో అతనిని గొంతు బిగించి చంపి, శరీరాన్ని కాల్చివేశారు. ఇంగ్లండు రాజు కన్నులు తెరువుమని ప్రభువును వేడుకోవడమే ఆయన చివరి మాట అని మనమందరం విన్నాం.

ఈ మాటను మనకు అందించినవాడు జాన్ ఫాక్స్. ఆయన హతసాక్షుల గ్రంథం ఇంగ్లీషులో మొదట 1563లో వెలువడింది. అంటే సంఘటనకు, అచ్చుకు మధ్య 27 సంవత్సరాల ఎడం ఉంది. ఫాక్స్ ఆ చోట లేడు. ఈ మధ్య కాలంలో ఇంగ్లండులో పెద్ద మార్పు జరిగింది. ప్రతి సంఘంలోనూ ఇంగ్లీషు బైబిలు ఉంచాలని 1538లో రాజు పేరిట ఉత్తర్వు వచ్చింది. 1539లో గ్రేట్ బైబిల్ అచ్చయింది. అందులో ఎక్కువ భాగం టిండేల్ అనువాదం మీద ఆధారపడినదే. ఫాక్స్ పాఠకులకు టిండేల్ ప్రార్థన నెరవేరిన ప్రవచనంలా కనిపించింది. అంతమాత్రాన అది కల్పితమని చెప్పలేం. విన్నవారి నోటి నుండి నిజంగానే అతనికి చేరి ఉండవచ్చు. అయితే అది టిండేల్ చేతివ్రాతతో సమానమైన సాక్ష్యం మాత్రం కాదు.

చేతివ్రాత సాక్ష్యం కూడా మనకు ఉంది. ఖైదులో ఉండగా టిండేల్ లాటిన్‌లో వ్రాసిన ఒక ఉత్తరం బెల్జియం ప్రభుత్వ భాండాగారంలో దొరికింది. చలికి తల నొప్పెడుతున్నదనీ, జలుబు బాధిస్తున్నదనీ, వెచ్చని టోపీ, పై వస్త్రం పంపమనీ అందులో అడిగాడు. సాయంత్రాలు చీకటిలో ఒంటరిగా కూర్చోవడం కష్టంగా ఉందని ఒక దీపం అడిగాడు. అన్నిటికంటె ముఖ్యంగా హెబ్రీ బైబిలు, హెబ్రీ వ్యాకరణం, నిఘంటువు ఇప్పించమని బ్రతిమాలాడు.

ఈ ఉత్తరం చదివిన సేవకునికి 2 తిమోతి 4:13 జ్ఞాపకం రాకమానదు. పౌలు కూడా ఖైదు నుండి అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మన్నాడు. చలికాలం రాకముందే రమ్మన్నాడు. ఫాక్స్ చెప్పిన ప్రార్థనను చెప్పదలచుకుంటే ఫాక్స్ చెప్పినట్లుగానే చెబుదాం. దానితో పాటు ఈ ఉత్తరాన్ని కూడా సంఘానికి వినిపిస్తే, చలిలో వణుకుతూ హెబ్రీ నిఘంటువు కోసం అడిగిన మనిషిని వారు చూడగలుగుతారు. టిండేల్‌కు సమాధి లేదు.

లూథర్, కాల్విన్: ఒకరికి పీఠం క్రింద, మరొకరికి గుర్తు లేని చోట

మార్టిన్ లూథర్ 1546 ఫిబ్రవరి 18 తెల్లవారుజామున ఐస్‌లేబెన్‌లో మరణించాడు. 1483లో పుట్టింది కూడా ఆ ఊరిలోనే. ప్రక్కన జస్టస్ జోనాస్, మైకేల్ కోలియస్ అనే సేవకులు ఉన్నారు. తాను బోధించిన క్రీస్తు మీద, ఆ బోధ మీద నిలిచి మరణిస్తున్నాడా అని వారు అడిగితే, అవునని స్పష్టంగా జవాబిచ్చాడు. అంతకుముందు కీర్తన 31:5లోని ప్రార్థనను పదే పదే చేశాడు. ఈ వృత్తాంతాన్ని ఆ సంవత్సరమే అచ్చు వేశారు.

అంత త్వరగా అచ్చు వేయడానికి కారణం ఉంది. లూథర్ బ్రతికి ఉండగానే 1545లో, ఆయన ఘోరంగా చచ్చాడనీ, సమాధిలో వింతలు జరిగాయనీ ఒక కరపత్రం ఇటలీ నుండి బయలుదేరింది. లూథర్ దానిని చదివి, తానే మళ్లీ అచ్చు వేయించాడు. ఆయన మరణించిన తరువాత, 16వ శతాబ్దం చివరికి, ఆత్మహత్య చేసుకున్నాడనే ప్రచారం కూడా వచ్చింది. ఆ కాలంలో మంచి మరణం మంచి సిద్ధాంతానికి రుజువు, చెడ్డ మరణం తప్పు బోధకు శిక్ష అని ఇరుపక్షాలూ నమ్మాయి. కాబట్టి మరణశయ్య ఒక వాదన వేదికగా మారింది. జోనాస్, కోలియస్‌లు ప్రత్యక్ష సాక్షులే గాని, వారు ఒక వాదంలో జవాబు ఇస్తున్న సాక్షులు కూడా.

మరణానికి రెండు రోజుల ముందు లూథర్ ఒక చిన్న చీటీ వ్రాశాడు. వర్జిల్ కావ్యాలను అర్థం చేసుకోవాలంటే కొన్నేళ్లు పశువుల కాపరిగానో రైతుగానో ఉండాలనీ, ప్రవక్తలతో కలిసి నూరేళ్లు సంఘాన్ని నడిపించనివాడు లేఖనాన్ని తగినంత రుచి చూశానని అనుకోకూడదనీ అందులో ఉంది. మనం భిక్షగాళ్లం, ఇది నిజం అన్న భావంతో ఆ చీటీ ముగుస్తుంది. వందలాది గ్రంథాలు వ్రాసినవాడు వ్రాసిన చివరి వ్రాత ఇది. వాదనలో గెలవడానికి వ్రాసినది కాదు గనుక దీని విలువ మరీ ఎక్కువ. ఆయన శరీరాన్ని విట్టెన్‌బర్గ్ కోట దేవాలయంలో ప్రసంగ పీఠం దగ్గర పాతిపెట్టారు.

జాన్ కాల్విన్ 1564 మే 27న జెనీవాలో మరణించాడు. మరునాడే ఊరి సామాన్య శ్మశానంలో, తాను కోరినట్లే, ఏ రాయీ లేకుండా పాతిపెట్టారు. నేడు అక్కడ ఆయన పేరు పొడి అక్షరాలతో చూపించే రాయి చాలా కాలం తరువాత పెట్టినది. అది సరిగ్గా ఆ చోటే అని ఎవరూ రూఢిగా చెప్పలేరు. పరిశుద్ధుల అస్థికల పూజను ఖండిస్తూ పుస్తకం వ్రాసినవాడు తన అస్థికలు ఎవరికీ దొరకకుండా జాగ్రత్తపడ్డాడు. ఇక్కడ సమాధి లేకపోవడమే ఆయన బోధకు పొడిగింపు.

బన్యన్, వెస్లీ: ఒకే వీధికి అటూ ఇటూ

తెలుగు క్రైస్తవులకు "యాత్రికుని ప్రయాణము" ద్వారా పరిచయమైన జాన్ బన్యన్ 1688 ఆగస్టు 31న లండనులో మరణించాడు. ఒక తండ్రికీ కుమారునికీ మధ్య తగవు తీర్చడానికి రెడింగ్ వెళ్లి, గుర్రం మీద తిరిగి వస్తూ వానలో తడిసి జబ్బు పడ్డాడు. స్ట్రడ్‌విక్ అనే కిరాణా వ్యాపారి ఇంట కన్నుమూశాడు. ఆ వ్యాపారి కుటుంబ సమాధిలోనే ఆయనను ఉంచారు. బన్యన్ చివరి పలుకులు అంటూ కొన్ని సూక్తుల జాబితా ఆయన మరణానంతరం అచ్చయింది. అవి చక్కగా విభజింపబడిన ఉపదేశ వాక్యాలు. జ్వరంతో ఉన్న మనిషి అలా శీర్షికల వారీగా మాట్లాడడు. పండితులు వాటిని సందేహంతోనే చూస్తారు. తగవు తీర్చడానికి చేసిన ఆ ప్రయాణం మాత్రం సమాధాన సువార్తకు తగిన చివరి క్రియ.

ఆయన సమాధి ఉన్న చోటు బన్‌హిల్ ఫీల్డ్స్. ఇది ఇంగ్లండు సంఘం ప్రతిష్ఠించని నేల. కనుక రాజ్య సంఘంతో ఏకీభవించనివారు తమ స్వంత పద్ధతిలో ఇక్కడ భూస్థాపన చేసుకోగలిగారు. 1665 నుండి 1854 వరకు సుమారు 1,20,000 మందిని ఇక్కడ పాతిపెట్టారని అంచనా. కీర్తనకారుడు ఐజక్ వాట్స్, నవలా రచయిత డేనియల్ డీఫో, కవి విలియం బ్లేక్, వెస్లీ సోదరుల తల్లి సుసన్నా వెస్లీ ఇక్కడే ఉన్నారు. బ్రతికి ఉండగా విశ్వవిద్యాలయాలలో, అధికార పదవులలో చోటు దొరకని సమాజం మరణంలో ఒక చోటు సంపాదించుకున్నది. శ్మశాన భూమి కోసం నేటికీ పోరాడే మన పల్లె సంఘాలకు ఈ చరిత్ర దూరపుది కాదు.

ఆ శ్మశానానికి ఎదురుగా, సిటీ రోడ్డుకు అవతల వెస్లీ చాపెల్ ఉంది. జాన్ వెస్లీ 1791 మార్చి 2న, 87 ఏళ్ల వయస్సులో అక్కడి తన ఇంటిలో మరణించాడు. దేవుడు మనతో ఉండడమే అన్నిటికంటె శ్రేష్ఠమైనది అన్న ఆయన మాట లోకప్రసిద్ధం. దగ్గర ఉండి పరిచర్య చేసిన ఎలిజబెత్ రిచీ కొద్ది రోజులలోనే ఆ వృత్తాంతాన్ని వ్రాసింది. గదిలో ఇంకా అనేకులు ఉన్నారు. మన మూడు ప్రశ్నలలో మొదటి రెండింటికి ఇంత మంచి జవాబు దొరికే సందర్భాలు తక్కువ. అయితే వెస్లీ నిజంగా పలికిన ఆఖరి మాట అది కాదు. మరునాడు ఉదయం వీడ్కోలు చెప్పి కన్నుమూశాడు. జ్ఞాపకం ఉంచుకోదగిన మాటను సంఘం చివరి మాటగా నిలుపుకున్నది.

వెస్లీ చివరి ఉత్తరాలలో ఒకటి 1791 ఫిబ్రవరి 24న విల్బర్‌ఫోర్స్‌కు వ్రాసినది. బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా పోరాటం ఆపవద్దని ఆయనను బలపరచాడు. వీలునామాలో తన శవపేటికను ఆరుగురు పేదవారు మోయాలనీ, ఒక్కొక్కరికి 20 షిల్లింగులు ఇవ్వాలనీ, శవవాహనం గాని బండ్లు గాని వద్దనీ వ్రాశాడు. చివరి మాటతో పాటు ఈ రెండు వ్రాతలను కలిపి చదివితేనే వెస్లీ మరణం పూర్తిగా అర్థమవుతుంది.

వోల్టేర్: మనం చెప్పే సాక్ష్యం ఎటువంటిది?

వోల్టేర్ మరణాన్ని మన ప్రసంగాలలో హెచ్చరికగా వాడుతుంటాం. ఆయనను నాస్తికుడు అంటాం. నిజానికి ఆయన దేవుడున్నాడని నమ్మి, సంఘాన్ని, ప్రత్యక్షతను ఎదిరించినవాడు. దేవుని ఆరాధిస్తూ, స్నేహితులను ప్రేమిస్తూ, శత్రువులను ద్వేషించక, మూఢభక్తిని అసహ్యించుకుంటూ మరణిస్తున్నానని 1778 ఫిబ్రవరి 28న వ్రాసి సంతకం చేశాడు. 1778 మే 30న పారిస్‌లో మరణించాడు. చివరి గడియలలో వచ్చిన యాజకుడు క్రీస్తు దైవత్వాన్ని గూర్చి అడిగితే, తనను ప్రశాంతంగా చావనివ్వమన్నాడని చెబుతారు.

ఆయన భయంతో, అశాంతితో మరణించాడనడానికి ఆధారం బొత్తిగా లేదని కూడా అనలేం. వైద్యుడు ట్రోంషాన్ తన ఉత్తరంలో ఆ విధంగానే వ్రాశాడు. అయితే పేరు లేని నర్సు ఇకమీదట ఏ అవిశ్వాసి మరణాన్నీ చూడనని చెప్పిందనే కథ, నరకాన్ని చూసి కేకలు వేశాడనే కథ, ప్రతి పునర్ముద్రణలోనూ కొంత పెరిగినవి. మూడు ప్రశ్నలు వేస్తే ఆ కథలు నిలబడవు.

లూథర్ విషయంలో ఆయన ప్రత్యర్థులు చేసిన పనినే వోల్టేర్ విషయంలో మనం చేస్తున్నాం. ఒకరు చేస్తే అపవాదు, మనం చేస్తే సువార్త అనగలమా? పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదన్న ఆజ్ఞ (నిర్గమకాండము 20:16) చనిపోయిన అవిశ్వాసికి కూడా వర్తిస్తుంది. పారిస్‌లో సంఘ భూస్థాపన దొరకదని గ్రహించిన బంధువులు ఆయన దేహాన్ని రహస్యంగా షాంపేన్ ప్రాంతంలోని ఒక మఠానికి తీసుకువెళ్లి పాతిపెట్టారు. విప్లవ ప్రభుత్వం 1791లో దానిని పాంథియోన్‌కు తరలించింది. ఈ సంగతులు నిరూపింపబడినవి. సంఘం, రాజ్యం ఒక మనిషి దేహాన్ని తమ తమ వాదాలకు ఎలా వాడుకుంటాయో చెప్పడానికి ఇవి చాలు.

కేరీ, తెలుగు అనువాదకులు

విలియం కేరీ 1834 జూన్ 9న సెరాంపూర్‌లో మరణించాడు. మన వేదాంత పట్టాల మీద ఏ పేరు ఉంటుందో ఆ కళాశాలను 1818లో స్థాపించినవారిలో ఒకరు. 1814లో తెలుగు వ్యాకరణాన్ని కూడా ప్రచురించాడు. చివరి జబ్బులో తనను చూడవచ్చిన అలెగ్జాండర్ డఫ్‌తో, తాను పోయిన తరువాత డాక్టర్ కేరీని గురించి గాక డాక్టర్ కేరీ రక్షకుని గురించి మాట్లాడమన్నాడని ప్రసిద్ధి. ఈ సంభాషణ సుమారు అర్ధశతాబ్దం తరువాత వచ్చిన జీవిత చరిత్ర ద్వారా ఎక్కువగా వ్యాపించింది. కాలం చూస్తే కొంత జాగ్రత్త అవసరం.

అయితే కేరీ వీలునామా మన చేతిలో ఉంది. తన రెండవ భార్య షార్లెట్ ప్రక్కన తనను పాతిపెట్టాలనీ, ఆమె రాతి మీదే తన పేరు చెక్కాలనీ కోరాడు. వాట్స్ కీర్తనలో పాపి తన దీనతను ఒప్పుకుని ప్రభువు చేతులలో పడే భాగాన్ని మాత్రం చెక్కి, అంతకుమించి ఏమీ చెక్కవద్దని ఆజ్ఞాపించాడు. నోటి మాటగా వచ్చిన వృత్తాంతం, చేతివ్రాతగా ఉన్న వీలునామా ఒకే స్వభావాన్ని చూపిస్తున్నాయి. ఇటువంటి చోట ఆలస్యంగా వచ్చిన సాక్ష్యాన్ని కూడా కొంత ధైర్యంగా నమ్మవచ్చు.

తెలుగు బైబిలు చరిత్రలో మనకు చివరి మాటలు దాదాపు లేవు. బెంజమిన్ షుల్ట్జ్ 18వ శతాబ్దంలోనే బైబిలును తెలుగులోకి అనువదించాడు. అది అచ్చుకు నోచుకోలేదు. ఆయన 1760లో జర్మనీలోని హాలేలో మరణించాడు. లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి, ఆనందరాయర్ సహాయంతో సువార్తల అనువాదం ప్రారంభించారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. వారి అనువాదం 1812లో సెరాంపూర్‌లో అచ్చయింది. అచ్చయిన పుస్తకాన్ని ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. వారు ఏమి పలికి చనిపోయారో మనం ప్రసంగాలలో చెప్పుకోము. వారు మొదలుపెట్టిన పని ఫలాన్ని మాత్రం ప్రతి ఆదివారం చదువుతున్నాం.

తెలుగు నిఘంటుకారుడు సి.పి. బ్రౌన్ 1884 డిసెంబరు 12న లండనులో మరణించాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. ఆయన ఏ వాక్యంతో కన్నుమూశాడో తెలుగువారెవరూ చెప్పుకోరు. ఆయన సేకరించిన వేమన పద్యాలు, కూర్చిన నిఘంటువు ఆయన తరఫున మాట్లాడుతున్నాయి. అంటరానితనపు గాయాన్ని పద్యంగా మలచిన గుర్రం జాషువ గారు 1971 జూలై 24న గుంటూరులో మరణించారు. శ్మశానాన్ని గురించి ఆయన వ్రాసిన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో చేరి, ఆంధ్రదేశమంతా మారుమ్రోగాయి. రాజూ, కవీ, పేదా అందరూ సమానమయ్యే చోటుగా ఆయన శ్మశానాన్ని చూపించారు. ఆ సమానత్వం మన ఊళ్ల శ్మశానాలలో ఇంకా పూర్తిగా రాలేదని పాఠకులకు తెలుసు. క్రైస్తవ సంఘాల సమాధుల తోటలలో అయినా వచ్చిందా అన్నది మనం పరీక్షించుకోవలసిన సంగతి.

బోన్‌హాఫర్: రెండు సాక్ష్యాలు

డీట్రిక్ బోన్‌హాఫర్ 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ నిర్బంధ శిబిరంలో ఉరితీయబడ్డాడు. ముందురోజు ఆదివారం, షోన్‌బర్గ్‌లో తోటి ఖైదీలకు యెషయా 53:5, 1 పేతురు 1:3 ఆధారంగా వాక్యం చెప్పాడు. ప్రార్థన ముగియగానే ఆయనను పిలిచారు. వెళ్తూ, ఇంగ్లండులోని బిషప్పు జార్జ్ బెల్‌కు ఒక సందేశం చెప్పమని బ్రిటిష్ ఖైదీ పెయిన్ బెస్ట్‌ను కోరాడు. ఇది అంతమనీ, తనకు మాత్రం జీవారంభమనీ ఆ సందేశ సారాంశం. బెస్ట్ స్వయంగా విన్న సాక్షి. మాటల కూర్పులో బెస్ట్ చెప్పినదానికీ, బెల్ వ్రాసుకున్నదానికీ కొద్దిపాటి తేడా ఉన్నా సారం ఒక్కటే.

రెండవ సాక్ష్యం శిబిర వైద్యునిది. బోన్‌హాఫర్ మోకరించి ప్రార్థించాడనీ, దేవునికి అంతగా లోబడి మరణించినవానిని తాను చూడలేదనీ, మరణం క్షణాలలో వచ్చిందనీ 1955లో వ్రాశాడు. ఈ భాగాన్నే మనం ఎక్కువగా ఉదహరిస్తాం. కానీ వ్రాసినవాడు ఆ శిబిరంలో పనిచేసిన అధికారి. పదేళ్ల తరువాత వ్రాశాడు. మరణం ప్రశాంతంగా, త్వరగా జరిగిందని చెప్పడం వలన అతనికే మేలు. అందుకే అనేక చరిత్రకారులు ఈ వృత్తాంతాన్ని అనుమానించారు. మూడవ ప్రశ్న ఎంత అవసరమో ఇక్కడ తెలుస్తుంది. హంతకుల పక్షాన ఉన్న సాక్షి ఇచ్చిన అందమైన చిత్రాన్ని మన ఆదరణ కోసం వాడుకోవడం, అక్కడ హింసింపబడినవారికి న్యాయం కాదు.

శిబిరంలో మృతదేహాలను కాల్చివేసేవారు. బోన్‌హాఫర్‌కు సమాధి లేదు. చెరసాల నుండి వ్రాసిన ఉత్తరాలను ఆయన మిత్రుడు బెత్‌గె భద్రపరచి ప్రచురించాడు.

ముగింపు

ఈ పరిశీలన నుండి మూడు విషయాలు సేవకుల ముందు, విద్యార్థుల ముందు ఉంచుతున్నాను.

మొదటిది ప్రసంగానికి సంబంధించినది. చివరి మాటను ఉదహరించేటప్పుడు అది ఎవరి సాక్ష్యమో ఒక్క వాక్యంలో చెప్పడం కష్టం కాదు. "ఆయన శిష్యుడు వ్రాసిన ప్రకారం", "కొన్నేళ్ల తరువాత ఫాక్స్ వ్రాసిన ప్రకారం" అంటే చాలు. సంఘం దానివలన విశ్వాసంలో తగ్గిపోదు. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి దానిని నమ్మకూడదని పిల్లలకు చెప్పే మనం, ప్రసంగ పీఠం నుండి ఆ జాగ్రత్తను ముందుగా చూపించాలి.

రెండవది కాపరి పనికి సంబంధించినది. మనం చూసినవారిలో టిండేల్ మాటకు ఆలస్యమైన సాక్ష్యమే ఉంది, బన్యన్ పలుకులు సందేహాస్పదం, క్రాన్, డెస్ గ్రాంజెస్‌ల మాటలు మన దగ్గర లేవు. అయినా వారి విశ్వాసాన్ని ఎవరూ శంకించరు. జీవితమంతా, పని అంతా సాక్ష్యంగా ఉంది గనుక. మరణ సమయంలో మనుష్యులు సాధారణంగా జీవితకాలమంతా నేర్చుకున్నదే పలుకుతారు. లూథర్ కీర్తన 31ని పలకడంలో ఆశ్చర్యం లేదు. పలకలేకపోయినవారు కూడా అదే ప్రభువు చేతులలో ఉన్నారు. రక్షణ మన పట్టు మీద కాక ఆయన పట్టు మీద ఆధారపడి ఉంది. మాట లేకుండా పోయిన తండ్రి గురించి అడిగే కుటుంబానికి, ఊహించి ఒక చివరి మాటను కల్పించి ఇవ్వనవసరం లేదు. ఆయన ఎలా జీవించాడో, ఎవరిని నమ్ముకున్నాడో జ్ఞాపకం చేస్తే అదే సత్యమైన ఆదరణ.

మూడవది మన పరిశోధనకు సంబంధించినది. మన సంఘాలలో కీర్తనలు వ్రాసినవారు, కరపత్రాలు వ్రాసినవారు, బైబిలు స్త్రీలుగా ఊరూరా తిరిగి సాక్ష్యం వ్రాసిపెట్టినవారు ఎందరో ఉన్నారు. వారి సమాధి రాళ్ల మీది అక్షరాలు చెరిగిపోతున్నాయి. పాత భూస్థాపన రిజిస్టర్లు చెదలు తింటున్నాయి. వారిని చూసినవారు ఇంకా కొందరు బ్రతికి ఉన్నారు. కుత్‌బర్ట్ ఒక్క ఉత్తరం వ్రాయకపోతే బీడ్ చివరి దినం మనకు తెలిసేది కాదు. ఒక్కొక్క విద్యార్థి తన స్వంత ఊరి సమాధుల తోటకు వెళ్లి, రాళ్ల మీది పేర్లు, తేదీలు వ్రాసుకుని, వృద్ధులను అడిగి, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కూడా నమోదు చేస్తే, రేపటి తెలుగు సంఘ చరిత్రకారునికి అది మొదటి తరగతి ఆధారం అవుతుంది. ఆ పని సెలవులలోనే మొదలు పెట్టవచ్చు.